గోలీ ఇల్లు చేరాక

ముందు వరసల్లో కూర్చున్న నర్సింగ్ విద్యార్థినులకు, గోడవార నిలబడ్డ తమ్ముళ్లకు, బీడీల చాట పక్కన పెట్టి ఈ పూట కూలి వదులుకుని వచ్చిన ఘర్కుల్ అక్కచెల్లెళ్లకు మరీ మరీ నమస్కారం.

ఎవరి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆవిడను షోలాపూర్ పక్కనున్న ఈ కుంభారిలో అందరూ సిస్టరమ్మ అనే పిలిచేవారు. ఇంటివాళ్ల కోరిక మేరకు ఆహ్వాన పత్రికలోనూ ఆ పిలుపే అచ్చు వేశారు, నేనూ అలాగే పిలుస్తాను. సర్కారు దవాఖానలో మానసిక రోగుల వార్డులో పనిచేసి రిటైరయ్యాక కూడా ఆవిడ ఊరుకోలేదు. సాయంత్రం పూట ఈ వీధుల్లో తిరిగి, వార్డు నుంచి ఇంటికి వచ్చినవాళ్ల గోలీల పట్టీలు చేతిలోకి తీసుకుని చూసేది. ఎన్ని ఖాళీ అయ్యాయో లెక్కపెట్టి వెళ్లిపోయేది కాదు. ఏ పూట వేసుకున్నారు, వేసుకున్నాక ఒంట్లో ఎట్లుంది, తెల్లారి పనికి పోగలిగారా లేదా, అన్నీ అడిగేది. "గోలీ ఇచ్చినమని రాసుడు కాదు బిడ్డా, గోలీ ఏం చేసిందో రాయాలె" అని కొత్తగా వార్డుకొచ్చిన పిల్లలకు చెప్పేది. మానసిక రోగాల మందుల గురించి మీతో మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు ఆవిడ చెప్పిన ఈ మాటనే విడమరిచి చెబుదామనుకున్నాను.

ఒక మందుచీటీ తీసుకుందాం. ఓలాంజపిన్ 10 మిల్లీగ్రాములు, రాత్రి పడుకునే ముందు ఒకటి. చీటీలో తప్పేమీ లేదు. ఆ మందు నిద్ర తెస్తుంది కాబట్టి రాత్రికి రాయడమే పద్ధతి. అయితే ఆ చీటీ అందుకున్న మనిషి పవర్‌లూమ్ కార్ఖానాలో ఒక వారం పగలు, ఒక వారం రాత్రి పనిచేస్తాడు. రాత్రి షిఫ్టు వారంలో తొమ్మిదింటికి అన్నం తిని, గోలీ మింగి మగ్గం ముందు నిలబడితే పదకొండు కాకముందే కళ్లు మూతపడతాయి. పోగు తెగింది కనిపించదు. గుడ్డ చెడుతుంది, సేటు కూలి కోస్తాడు. చెయ్యి మగ్గంలో పడకుండా ఇల్లు చేరితే అదే గొప్ప. రెండు రాత్రులు చూసి మూడో రాత్రి గోలీ మానేస్తాడు. నెలా రెండు నెలలకు మళ్లీ చెవుల్లో మాటలు మొదలై వార్డుకు వస్తే, కేస్ షీట్ మీద "మందులు సరిగా వాడలేదు" అని రాసి ముగిస్తాం. అతని షిఫ్టు సంగతి ఆ కాగితంలో ఎక్కడా ఉండదు. డిశ్చార్జి నాడు "నీ డ్యూటీ ఎప్పుడన్నా?" అని ఒకరు అడిగి, ఆ సంగతి డాక్టరు చెవిన వేసి ఉంటే, గోలీని అతను నిజంగా పడుకునే పూటకు మార్చేవారు. బైపోలార్ ఉన్న మనిషైతే రాత్రి షిఫ్టే అసలు ప్రమాదం. నిద్ర తప్పితే మేనియా లేస్తుంది. పగటి డ్యూటీ ఇప్పించమని సేటుకు ఒక ఉత్తరం రాసివ్వమని డాక్టరును అడగాల్సిందీ మీరే. డాక్టరు రౌండుకు వచ్చి కాసేపు ఉంటారు. మంచం పక్కన పూటంతా ఉండేది నర్సు.

బయటి జిల్లాల నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లల కోసం ఈ ఊరి సంగతి కొంచెం చెబుతాను. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి పద్మశాలీలు పందొమ్మిదో శతాబ్దంలోనే షోలాపూర్ దారి పట్టారు. మగ్గం తెలిసిన చేతులకు ఇక్కడ పని దొరికింది. తర్వాత బట్టల మిల్లులు వచ్చాయి, వాటిలో పెద్దవి ఒక్కొక్కటే మూతపడ్డాయి, చాదర్లు, టవళ్లు నేసే పవర్‌లూమ్‌లు మిగిలాయి. మగవాళ్లు కార్ఖానాకు, ఆడవాళ్లు బీడీలకు. ఇద్దరూ రెక్కలు ముక్కలు చేసుకున్నా అద్దె గది దాటి బయటపడలేని రోజుల్లో నర్సయ్య ఆడం మాస్తర్ నాయకత్వాన కార్మికులు ఏళ్లతరబడి పోరాడి ఇళ్లు సాధించుకున్నారు. గోదూతాయి పరుళేకర్ పేరిట కట్టిన ఘర్కుల్‌లోని 10,000 ఇళ్లను 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ చేతుల మీదుగా బీడీ కార్మిక మహిళలు అందుకున్నారు. ఇదే కుంభారిలో 30,000 ఇళ్ల రే నగర్ లేచింది. అందులో 15,000 ఇళ్లను 2024 జనవరి 19న ప్రధాని నరేంద్ర మోదీ అప్పగించారు. చేనేత, పవర్‌లూమ్, బీడీ కార్మికులు, చిత్తు కాగితాలు ఏరేవాళ్లు, డ్రైవర్లు అందరూ వాటిలో ఉన్నారు. అశ్విని గ్రామీణ వైద్య కళాశాల కూడా ఈ ఊళ్లోనే ఉంది. ఇంతమంది శ్రామికులు ఇంత దగ్గరదగ్గరగా బతికే చోట నర్సింగ్ నేర్చుకోవడం మీకు దొరికిన అదృష్టం. మన దేశంలో చాలామంది విద్యార్థులకు రోగి ఇల్లు ఎలా ఉంటుందో తెలియకుండానే చదువు పూర్తవుతుంది.

బెంగళూరు నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి సర్వే నాటికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. చికిత్స అందనివాళ్లు, రోగాన్ని బట్టి, 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారు. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో మహారాష్ట్ర లేదు, తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ కూడా లేదు. అంటే మన తెలుగు నేతకారుల దుఃఖం, ఇటు ఉన్నవాళ్లదీ అటు ఉన్నవాళ్లదీ, ఆ లెక్కలోకి ఎక్కనే లేదు. ఎక్కించాల్సింది మీ నోటుపుస్తకాలు.

ఆ దుఃఖం మీ దగ్గరకు డిప్రెషన్ అనే పేరుతో రాదు. "నెత్తి బరువుగుంది", "కాళ్లు చేతులు గుంజుతున్నయి", "గుండెల బుగులు", "రంది పెట్టుకున్న, అన్నం సయిస్తలేదు" అంటూ వస్తుంది. బీడీలు చేసే అక్క నడుం నొప్పికని వస్తుంది. నడుం నొప్పి నిజమే, పొద్దస్తమానం కూర్చుని తునికాకు కత్తిరించి, పొగాకు నింపి, దారం చుట్టే మనిషికి నొప్పి ఉండకుండా ఎలా ఉంటుంది? అందుకే ఆ ఒక్క నొప్పికి గోలీలిచ్చి పంపేస్తాం. సిస్టరమ్మ మాత్రం ఇంకో ప్రశ్న వేసేది. "ఇదివరకు దినానికి ఎన్ని బీడీలు చేస్తుంటివి, ఇప్పుడు ఎన్ని చేస్తున్నవ్?" వెయ్యి చేసే చెయ్యి ఆరు వందల దగ్గర ఆగిపోయిందంటే, ఆకు తడిపి పెట్టడానికే లేవబుద్ధి కావడం లేదంటే, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి మళ్లీ కన్ను మూతపడటం లేదంటే, ఆ ప్రశ్నతో సగం రోగనిర్ణయం అయిపోయినట్టే. మందు పనిచేస్తోందా లేదా అన్నది కూడా ఆవిడ ఆ లెక్కతోనే పట్టేది. ఆరు వందలు ఏడు వందలైతే ముఖంలో నవ్వు రాకముందే మందు పట్టిందని తెలిసేది. డిప్రెషన్‌ను కొలవడానికి మీ పాఠ్యపుస్తకాల్లో మంచి ప్రశ్నావళులు ఉన్నాయి, నేర్చుకోండి. వాటితోపాటు ఈ ప్రశ్నా అడగండి.

ఇప్పుడు ఆ అక్కకు ఎసిటలోప్రామో, ఫ్లూక్సెటినో రాశారనుకుందాం. మందు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, పూర్తి గుణం కనబడటానికి ఆరు వారాలు కూడా పట్టవచ్చు. ఇబ్బందులు మాత్రం మొదటి వారమే వస్తాయి. కడుపులో తిప్పడం, తలనొప్పి, ఉన్న బుగులు కాస్త పెరిగినట్టుండటం. అంటే కష్టం ముందు, సుఖం తర్వాత. ఈ వరస ముందే చెప్పకపోతే మూడు రోజులు వేసుకుని "ఈ గోలీలు పడలేదు" అని మానేస్తారు. అందులో వాళ్ల తప్పు లేదు, జ్వరం గోలీ ఒక్క పూటలో పనిచేయడం చూసినవాళ్లు. ఇంకొకటి. మందు మొదలైన తొలి వారాల్లో, ముఖ్యంగా పాతికేళ్ల లోపు వాళ్లను, కనిపెట్టి ఉండాలి. మనసు తేరుకోకముందే ఒంటికి ఓపిక వస్తుంది, చచ్చిపోవాలన్న ఆలోచన అప్పటికి పోయి ఉండదు. ఆ ఆలోచన ఉందేమో సూటిగా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. ఎమిట్రిప్టిలిన్ లాంటి పాత మందులు ఎక్కువ మోతాదులో మింగితే గుండె లయ తప్పి ప్రాణం పోతుంది. ఆ ఆలోచన ఉన్న మనిషి ఇంటికి నెల సరిపడా పట్టీలు ఒకేసారి ఇవ్వకుండా వారానికి సరిపడా ఇప్పించండి. అవి ఎవరి చేతిలో ఉండాలో ఇంటివాళ్లతో మాట్లాడి తేల్చండి.

ఇక స్కిజోఫ్రీనియా మందుల దగ్గరికి వస్తాను. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

1950 చివర్లో ఫ్రాన్సులో రోన్-పులాంక్ కంపెనీ రసాయన శాస్త్రజ్ఞుడు పాల్ షార్పాంటియే క్లోర్‌ప్రోమజిన్ తయారుచేశాడు. 1952లో పారిస్‌లోని సెయింట్ ఆన్ ఆసుపత్రిలో జాన్ డెలే, పియెర్ డెనికర్ దాన్ని తీవ్రమైన మానసిక రోగులకు ఇచ్చి చూశారు. సంకెళ్లు, చీకటి గదులు తప్ప దారి లేదనుకున్న రోగాల్లో మనుషులు మళ్లీ మాట్లాడసాగారు. అదే 1952లో అమెరికాలో హిల్డెగార్డ్ పెప్లా అనే నర్సు ఒక పుస్తకం రాసింది. రోగికీ నర్సుకీ మధ్య ఏర్పడే సంబంధమే చికిత్సలో పెద్ద భాగమని అందులో చెప్పింది. ఆ రెండూ ఒకే ఏడు రావడం నాకెప్పుడూ ఎంతో అర్థవంతంగా తోస్తుంది. మందు, మనిషి కలిసే నడవాలి. మన ఆసుపత్రుల్లో మందు త్వరగానే వచ్చింది, పెప్లా చెప్పింది మాత్రం పరీక్ష కాగితాల్లోనే ఉండిపోయింది.

పందొమ్మిది ఇరవై ఏళ్ల కుర్రవాడు. నాలుగు రోజులుగా నిద్ర లేదు, ఎవరో తనను చంపడానికి వస్తున్నారని తలుపులు బిగించుకుంటున్నాడు. హాలోపెరిడాల్ మొదలుపెట్టారు. రెండో రోజుకు ఉద్రేకం తగ్గింది, ఇంటివాళ్లు పట్టుబట్టి తీసుకుపోయారు. మూడో రోజు సాయంత్రం మెడ ఒక పక్కకు మెలి తిరిగిపోయింది. కనుగుడ్లు పైకి పోయి అక్కడే నిలిచిపోయాయి. దవడ బిగుసుకుని నాలుక బయటకు తోసుకొచ్చింది. కుర్రవాడికి తెలివి పూర్తిగా ఉంది, అందరి మాటలూ వినపడుతున్నాయి, తను మాట్లాడలేడు. చూసినవాళ్లు ఏమనుకుంటారు? గాలి సోకిందంటారు. ఎల్లమ్మ సిగమొచ్చిందంటారు. నిమ్మకాయలు, వేపమండలు వస్తాయి, గోలీలు మురికి కాలువలో పడతాయి. అసలు జరిగింది వేరు. మెదడులో డోపమిన్‌ను మందు అడ్డుకుంది, కండరాల కదలికను నడిపించే చోట ఎసిటైల్‌కోలిన్ పైచేయి అయింది. దీన్నే అక్యూట్ డిస్టోనియా అంటాం. మొదటి రోజుల్లోనే వస్తుంది, కుర్రవాళ్లలో ఎక్కువ. ప్రొమెథజిన్ సూది కండకు పడితే అరగంటలోపే మెడ తిన్నగా అవుతుంది, ఆ తర్వాత కొన్నాళ్లు ట్రైహెక్సీఫెనిడిల్ ఇస్తారు. అరగంట వైద్యం తెలియక ఆ ఇల్లు ఏళ్ల తరబడి మందుకు దూరమవుతుంది.

ఆ ఇంటివాళ్లను మూఢులని తిట్టే నర్సులను నేను చూశాను. తిట్టకండి. కళ్లముందు మనిషి మెలి తిరిగిపోతుంటే తమకు తెలిసిన వైద్యం వాళ్లు చేశారు. మనకు తెలిసింది మనం ముందే చెప్పలేదు. ఇంటికి పంపే రోజు తల్లిని పక్కన కూర్చోబెట్టి, "మెడ గుంజినా, కళ్లు మీదికి పోయినా భయపడకమ్మా, అది మందు తిప్పలు, గంటలో పోతది, రాత్రైనా సరే దవాఖానకు పట్టుకురా" అని తెలుగులో చెబితే ఆ తల్లి వస్తుంది. సిస్టరమ్మ ఇంకో పని చేసేది. మెడ ఎట్లా తిరుగుతుందో తన మెడ తిప్పి చూపించేది. చదువు రాని తల్లి కూడా ఒక్కసారికే గుర్తుపెట్టుకునేది.

దీనికంటే మోసం చేసేది అకతీసియా. కాళ్లలో ఏదో పాకుతున్నట్టు ఒక చోట నిలబడలేకపోవడం, కూర్చోలేకపోవడం. పొద్దుందాకా మగ్గం ముందు నిలబడాల్సిన మనిషి నాలుగడుగులు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాడు. రోగం ముదిరిందని ఇంట్లో అనుకుంటారు, వార్డులోనూ అనుకుంటారు, మోతాదు పెంచుతారు, బాధ ఇంకా పెరుగుతుంది. "మనసు ఆగుతలేదా, కాళ్లు ఆగుతలేవా?" అని అడిగితే రోగే చెబుతాడు. కాళ్లు అన్నాడంటే వెంటనే డాక్టరుకు చెప్పండి. మోతాదు తగ్గించడమో, ప్రొప్రనలాల్ కలపడమో చేస్తారు. వారాల తర్వాత వచ్చే బిగుసుకుపోవడం, వణుకు వేరు. షర్టు బొత్తాం పెట్టుకోగలిగితే చాలు, తక్కువ వణుకే అని మనం రాసేస్తాం. తెగిన పోగును రెండు వేళ్ల మధ్య ముడివేసేవాడికి, బీడీ కొసను మడిచి మూసే ఆమెకు ఆ తక్కువ వణుకే కూలి పోగొడుతుంది. కాబట్టి వేళ్లు చూడండి. చేతిలో ఒక దారం ముక్క పెట్టి ముడి వేయమనండి.

ఇక ఎండ. షోలాపూర్ మే నెల గురించి మీకు చెప్పక్కర్లేదు, 43 డిగ్రీలు దాటే రోజులుంటాయి, రేకుల కప్పు కింద మగ్గాల మధ్య ఇంకా ఎక్కువ. ట్రైహెక్సీఫెనిడిల్ చెమటను తగ్గిస్తుంది. చెమట పట్టని ఒళ్లు ఆ షెడ్డులో వేడిని బయటకు పంపలేదు, వడదెబ్బ సులువుగా తగులుతుంది. క్లోర్‌ప్రోమజిన్ వాడేవాళ్ల చర్మం ఎండకు కమిలిపోతుంది. కూర్చున్నవాళ్లు లేచేసరికి రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. వీటన్నిటికంటే భయపడాల్సింది ఒకటుంది. జ్వరం బాగా పెరిగి, ఒళ్లు కట్టెలా బిగుసుకుని, మాట తడబడి, తెలివి మసకబారితే వడదెబ్బ అని తడిగుడ్డ వేసి కూర్చోకూడదు. స్కిజోఫ్రీనియా మందు వాడే మనిషిలో అది న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ కావచ్చు. మందు ఆ క్షణమే ఆపాలి, అత్యవసర విభాగానికి తీసుకుపోవాలి. ఒళ్లు ముట్టుకుని బిగుసుకుందో లేదో చూడటమే మీరు మొదట చేయాల్సిన పని.

ఇదే ఎండ లిథియం వాడేవాళ్లకు ఇంకో తీరుగా ముప్పు. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ మేనియాకు లిథియం పనిచేస్తుందని ప్రకటించాడు. ఇప్పటికీ బైపోలార్‌కు అంత నమ్మకమైన మందు అరుదు. కానీ మేలు చేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉండాలి, 1.5 దాటితే విషమే. మూత్రపిండాలకు లిథియం ఉప్పులాగే కనిపిస్తుంది. చెమటకో, విరేచనాలకో ఒంట్లో ఉప్పూ నీళ్లూ తగ్గితే ఉప్పును పట్టి ఉంచే మూత్రపిండం లిథియంనూ పట్టి ఉంచుతుంది. మందు మోతాదు పెరగకుండానే రక్తంలో స్థాయి పెరిగిపోతుంది. చేతులు పెద్దగా వణకడం, వాంతులు, నడకలో తూలడం, మాట ముద్దగా రావడం దాని గుర్తులు. తూలుతున్నాడు కదా, తాగి వచ్చాడని వదిలేసే ప్రమాదం ఉంది. మన వాడలో దీనికి మరో తోడు నొప్పి గోలీలు. రోజంతా నిలబడే మనిషి, వంగి కూర్చునే మనిషి మందుల దుకాణంలో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కొనుక్కుని చాక్లెట్లలా మింగుతారు. అవీ లిథియం స్థాయిని పెంచుతాయి. నొప్పికి పారాసిటమాల్ వాడమనండి, నీళ్లు తాగమనండి, ఉప్పు ఒక్కసారిగా తగ్గించవద్దనండి, వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే గోలీ ఆపి రక్తపరీక్షకు రమ్మనండి. ఆఖరి గోలీ వేసుకున్న 12 గంటలకు తీసిన రక్తంలోనే స్థాయి సరిగా తెలుస్తుంది. రాత్రి షిఫ్టు మనిషికి ఆ 12 గంటలు ఎప్పుడవుతాయో మీరే లెక్కగట్టి చెప్పాలి.

పొగాకు మీద బతికే ఊరు కనుక బీడీ సంగతి కూడా చెప్పాలి. బీడీ పొగలో ఉండే కొన్ని రసాయనాలు కాలేయంలోని ఒక ఎంజైమును రెచ్చగొడతాయి. ఓలాంజపిన్‌నూ క్లోజపిన్‌నూ ఆ ఎంజైమే అరగదీస్తుంది. అందుకే పొగ తాగే మనిషికి అదే గుణం రావాలంటే ఎక్కువ మోతాదు కావాలి. ఈ పని చేసేది పొగ, నికోటిన్ కాదు. కాబట్టి బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఇది వర్తించదు, తాగే మగవాళ్లకు వర్తిస్తుంది. వార్డులో చేరి బీడీ మానేసిన మనిషికి వారం తిరిగేసరికి రక్తంలో క్లోజపిన్ సగం మేర, కొందరిలో అంతకన్నా ఎక్కువే, పెరగవచ్చు. చొంగ కారుస్తూ మత్తుగా పడి ఉంటాడు. అదే మనిషి ఇంటికి పోయి మళ్లీ రోజుకు రెండు కట్టలు కాలిస్తే మందు పడిపోతుంది, రోగం తిరగబెడుతుంది. వార్డులో చేరేనాడూ ఇంటికి పోయేనాడూ బీడీల లెక్క రాసుకోవాలి. క్లోజపిన్ వాడేవాళ్లలో తెల్లరక్తకణాలు పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి మొదటి 18 వారాలూ వారం వారం రక్తపరీక్ష చేయించాలని మీకు తెలుసు. జ్వరం, గొంతునొప్పి దాని తొలి గుర్తులు. ఇంటినిండా పొగాకు దుమ్ము ఉండే ఘర్కుల్‌లో గొంతునొప్పిని ఎవరూ రోగం కింద లెక్కపెట్టరు. ఇక్కడి క్లోజపిన్ రోగికి ఈ సంగతి రెండుసార్లు చెప్పండి.

వాల్‌ప్రోయేట్ గురించి తక్కువలో చెబుతాను. గర్భంలో పిండం వెన్నుకూ మెదడుకూ అది హాని చేస్తుంది. పెళ్లీడు పిల్లకు ఆ చీటీ కనిపిస్తే డాక్టరు గారిని ఇంకోసారి అడగడానికి మొహమాటపడకండి. పెళ్లి కోసం రోగం సంగతి దాచే ఇళ్లు ఉన్నాయి. అలాంటి పిల్ల గర్భం వచ్చాక భయపడి అన్ని గోలీలూ ఒక్కసారే మానేస్తుంది, అదీ ప్రమాదమే. ఆ పిల్ల నమ్మి చెప్పుకోగల మనిషి మీలో ఒకరు ఉండాలి.

నిద్ర గోలీల విషయంలో తెలంగాణతో రాకపోకలున్న మన ఇళ్లు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. డయాజెపామ్, ఆల్ప్రజోలామ్ కొద్ది వారాలకే అలవాటవుతాయి. ఒక్కసారిగా మానితే వణుకు, నిద్రలేమి, ఫిట్స్ వస్తాయి. తెలంగాణలో కల్లులో ఇవే మందులు, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్మడం పాత దురాగతం. 2015లో కల్తీ కల్లు అమ్మకాలను అడ్డుకున్నప్పుడు నిజామాబాద్ వైపు వందలాది మంది పిచ్చి చూపులతో, ఫిట్స్‌తో ఆసుపత్రులకు చేరారు. వాళ్లలో చాలామందికి తాము రోజూ తాగుతున్నది మత్తుమందని తెలియదు. హఠాత్తుగా మతి చలించి వచ్చిన మనిషి ఇంటివాళ్లను "కల్లు, సారా ఏమన్నా మానేసిండా? ఎన్ని రోజులైంది?" అని అడగనిదే ఏ పేరూ పెట్టకండి. తాగుడు మానేసిన మనిషికి గ్లూకోజు ఎక్కించే ముందు థయామిన్ ఇచ్చారో లేదో చూసుకోండి.

చట్టం మీ పక్షాన ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చింది. రోగికి సమాచారం అర్థమయ్యే తేలిక మాటల్లో చెప్పాలని అందులో రాసి ఉంది. మనం ఇంగ్లిషులో చదువుతాం, వార్డులో మరాఠీలో మాట్లాడతాం, తెలుగు రోగి తలూపి ఇంటికి పోతాడు. ఆ తలూపడం చట్టానికి సరిపోదు. ఏ రోగినీ గొలుసులతో కట్టకూడదని ఆ చట్టమే చెబుతోంది. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టి ఉంచిన రోగులు తప్పించుకోలేక 28 మంది కాలిపోయారు. ఆ సంగతి మీలో ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. ప్రాణం తీసుకోబోయి బతికిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని ఆ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. క్యాజువాలిటీలో కడుపు కడుగుతూ "ఎందుకు తాగినవ్, ఇంటివాళ్లను సతాయించనీకా" అని దెప్పే గొంతు ఇంకా వినిపిస్తూనే ఉంది. ఆ గొంతు మీది కాకూడదు.

పిల్లలూ, మీకు ఇంకో మాట. మీలో నైట్ డ్యూటీలతో, పరీక్షలతో, ఇంటి అప్పులతో నిద్ర పట్టనివాళ్లు ఉంటారు. మందుల గది తాళం చేతిలో ఉన్నవాళ్లకు సొంత వైద్యం చేసుకోవాలనిపిస్తుంది, అది వద్దు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ, డబ్బు ఖర్చు లేకుండా, తెలుగులోనూ మరాఠీలోనూ మాట్లాడవచ్చు. ఆ నంబరు రోగుల కోసం గోడ మీద రాసేటప్పుడు మీ ఫోన్లలోనూ పెట్టుకోండి. సివిల్ ఆసుపత్రి మానసిక విభాగానికి మీరు రోగిగా వెళితే అందులో తలవంపులేమీ లేవు.

చివరగా ప్రిన్సిపల్ గారికీ వార్డు ఇన్‌చార్జిలకూ ఒక విన్నపం. డిశ్చార్జి కాగితానికి ఇంకో అర పేజీ చేర్చండి. రోగి ఏ షిఫ్టు చేస్తాడు, మగ్గమా బీడీనా ఇంకేదైనానా, రోజుకు ఎన్ని బీడీలు కాలుస్తాడు, కల్లు సారా అలవాటు ఉందా, నొప్పి గోలీలు ఏవి కొనుక్కుంటాడు, ఇంట్లో గోలీలు ఎవరి దగ్గర ఉంటాయి, మెడ గుంజినా జ్వరం వచ్చినా ఎవరు దవాఖానకు తెస్తారు. ఈ ఏడు ప్రశ్నలూ నర్సు చేతిరాతతో నింపాలి. కింద మందుల పేర్లు, వేళలు తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూల్లో రోగికి ఏది కావాలంటే అందులో రాయాలి. నమూనా ఒకటి రాసి తెచ్చాను, సభ అయ్యాక బల్ల మీద పెడతాను. ఈ నెల వార్డు పోస్టింగులో ఉన్న పిల్లలు పది మంది రోగుల మీద వాడి చూసి, పనికిరాని ప్రశ్న ఉంటే కొట్టేసి, మీకు తట్టినది చేర్చి నాకు పంపండి.